బాధను కథగా చెప్పించడం: ఊరి మనసుకు మందా, మన రిపోర్టుకు మేతా?

గట్టుమీద గువ్వ:
సోషల్ వర్క్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను. అప్పుల బాధతో రైతు ఆత్మహత్య చేసుకున్న ఇళ్లలోని ఆడవాళ్లతో నా పని. ప్రశ్నాపత్రం పట్టుకుని "రెండు వారాలుగా నిద్ర పడుతోందా, అన్నం సహిస్తోందా" అని అడిగి మార్కులు వేసే పద్ధతి వద్దనుకున్నాను. ఇంకా మొదలుపెట్టలేదు కానీ నా ప్లాన్ ఇదీ: వారానికో మధ్యాహ్నం ఎనిమిది మంది కూర్చుని కథలు చెప్పుకుంటారు. ఏ సంగతి మాట్లాడాలో వాళ్లే తేల్చుకుంటారు. ఆ కథల్లో ఏముందో వెతకడంలో కూడా నాతో పాటు వాళ్లూ ఉంటారు. మొన్న సమీక్షలో ఒక పెద్దాయన అన్నారు: "గాయం కెలికి, రికార్డు చేసుకుని, దానికి మేలు అని పేరు పెడుతున్నావమ్మా." అప్పటి నుంచి ఒకటే టెన్షన్. ఆయన మాటలో నిజం ఉందా?

మంజీర ఒడ్డు:
కొంచెం ఉంది, కానీ అంతా కాదు. "చెప్పుకుంటే మానం పోతుంది, చెప్పకుంటే ప్రాణం పోతుంది" అని మన పెద్దలు ఊరికే అనలేదు. చావు ఇంట్లో శోకాలు పెట్టి ఏడ్చే ఆడవాళ్లను చూడు. పోయినవాడి బతుకంతా రాగం తీసి చెప్తారు, చుట్టూ ఉన్నవాళ్లు అందుకుంటారు. కథ చెప్పుకుని బరువు దించుకోవడం మనకు ఎవరో నేర్పిన విద్య కాదు.

ఇంకో సంగతి. మా వైపు "మనాది పెట్టుకున్నది" అంటారు. డిప్రెషన్ అంటే ఎవరూ తల ఊపరు, మనాది అంటే ఊరంతా తల ఊపుతుంది. జింబాబ్వేలో షోనా భాష మాట్లాడేవాళ్లు దాదాపు ఇదే అర్థంలో "కుఫుంగిసిసా" అంటారు, అతిగా ఆలోచించడం అని. డిక్సన్ చిబండా అనే సైకియాట్రిస్టు 2006లో హరారేలో ఆ మాట దగ్గరే మొదలుపెట్టి, ఊరి బామ్మలకు శిక్షణ ఇచ్చి, క్లినిక్ ఆవరణలో బెంచీల మీద కూర్చోబెట్టాడు. ఫ్రెండ్‌షిప్ బెంచ్ అదే. 573 మందితో చేసిన ట్రయల్ 2016లో జామా అనే వైద్య పత్రికలో వచ్చింది. ఆరు నెలల తర్వాత చూస్తే, బామ్మల దగ్గర కూర్చున్నవాళ్లలో కుంగుబాటు లక్షణాలు మామూలు సేవలు పొందినవాళ్లకన్నా బాగా తగ్గాయి.

క్లినిక్ వెనక:
మంజీర అన్నా, ఆ ఉదాహరణ మీ వాదనకు పనికిరాదు. బామ్మలు చేసేది కథ చెప్పించడం కాదు. ఉన్న కష్టాల్లో ఒకదాన్ని ఎంచుకుని, దానికేం చేయొచ్చో వచ్చిన మనిషితోనే తేల్చి, మళ్లీ రమ్మంటారు. సమస్యను విడదీసి పరిష్కరించుకునే చికిత్స అది.

నేను సైకాలజిస్టును. ఉత్త చెప్పించడం మీద మా వాళ్లకు తగిలిన దెబ్బ చెప్తాను. ప్రమాదం జరగ్గానే బాధితుల్ని కూర్చోబెట్టి ఒక్క విడతలో అంతా చెప్పించే "డీబ్రీఫింగ్" ఒకప్పుడు పెద్ద ఫ్యాషన్. వైద్య పరిశోధనల్ని జల్లెడ పట్టే కోక్రేన్ సంస్థ ట్రయల్స్ అన్నీ కలిపి చేసిన సమీక్షలో దానివల్ల లాభం కనిపించలేదు, కొందరికి నష్టం జరిగి ఉండొచ్చని కూడా తేలింది. అందుకే విపత్తుల వేళ ఎవరినీ బలవంతంగా మాట్లాడించొద్దని ఇప్పుడు చెప్తున్నారు. గువ్వ గారూ, మీ పెద్దాయన భయం ఉత్తిదేం కాదు.

తాటిముంజె:
ఇంతకీ ఆ ఎనిమిది మందినీ ఎవరైనా అడిగారా?

చిన్నకూతురు:
నేను ఆ ఎనిమిది మందిలో ఒకరి కూతురులాంటిదాన్నే అనుకోండి. నాన్న పోయినప్పుడు నేను తొమ్మిదో తరగతి.

మీకెవరికీ తట్టని సంగతి ఒకటుంది. మీరు వచ్చేటప్పటికే మా అమ్మ తన కథ చాలాసార్లు చెప్పేసింది. ముందు పోలీసులకు. తర్వాత ఎక్స్‌గ్రేషియా కోసం డివిజన్ స్థాయి కమిటీకి. 2004 నాటి జీవో 421తో వచ్చిన, ఆర్డీవో కూడా ఉండే ముగ్గురు సభ్యుల కమిటీ అది. చచ్చిపోయింది అప్పుల వల్లేనా, పొలం ఎవరి పేరున ఉంది, అప్పు కాగితాలేవి? అక్కడ ఒక్క మాట తేడాగా వచ్చినా డబ్బు రాదు. ఇంట్లో గొడవ పడ్డారని నోరు జారితే అది వ్యవసాయ ఆత్మహత్య కాదంటారు. అందుకే అమ్మ ఒక కథ తయారుచేసుకుంది. అబద్ధం కాదు, కానీ అందులో నాన్న కోపం లేదు, తాగుడు లేదు, ఆయన మీద అమ్మ కోపం అసలే లేదు. తర్వాత వచ్చిన విలేకరులకూ సంస్థలవాళ్లకూ అదే చెప్పింది. మీరంతా దాన్ని డేటా అన్నారు.

ఒక సంస్థ వాళ్లు వీడియో కూడా తీశారు. సంతకం పెట్టించుకున్నారు, కాగితం ఏ భాషలో ఉందో అమ్మ చూడలేదు. రెండేళ్లకు ఎవరి ఫోన్‌లోనో మా ఊరికే ఆ వీడియో వచ్చింది. అత్తగారి తరఫువాళ్లు మూడు నెలలు మాట్లాడలేదు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారే, మా ఇంట్లో అదే జరిగింది.

మంజీర ఒడ్డు:
చెల్లీ, నీ పోస్ట్ రెండుసార్లు చదివాను. పై మాటల్లో నేను తొందరపడ్డాను.

దక్షిణాఫ్రికాలో సాన్ అనే ఆదివాసీ ప్రజలు సరిగ్గా ఈ విసుగుతోనే 2017లో పరిశోధకులకు తామే నియమావళి రాసి ఇచ్చారు. గౌరవం, నిజాయితీ, న్యాయం, శ్రద్ధ అందులో ప్రధానం. అయితే దాంతో కూడా నీ అమ్మ సమస్య తీరదు. అనుమతి పక్కాగా తీసుకున్నా, ఆ తయారైన కథే మళ్లీ వస్తుంది.

నాకు నెల్లూరు గుర్తొస్తోంది. అక్షరాస్యత ఉద్యమంలో చదువుకున్న వాచకంలో సీతమ్మ కథ ఉండేది, తాగుడుతో చితికిన ఇంటి కథ. రాత్రిబడిలో అది చదివిన ఆడవాళ్లు తమ ఇళ్ల సంగతి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారాను ఊళ్లోకి రానివ్వలేదు, 1993 అక్టోబర్‌లో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. సారా మాట అలా ఉంచి, ఆ గదిలో ఏం జరిగిందో చూడు. "నీ మొగుడు కొడతాడా" అని ఎవరూ అడగలేదు. సీతమ్మ మొగుడి గురించి మాట్లాడుకున్నారు. ఎవరి మానం పోలేదు.

క్లినిక్ వెనక:
ఈ మాట ఒప్పుకుంటాను. దీనికి మా రంగంలో తోడు కూడా ఉంది. హెచ్‌ఐవీ వల్ల తల్లిదండ్రుల్ని పోగొట్టుకున్న ఆఫ్రికా పిల్లల కోసం జింబాబ్వేకు చెందిన న్‌కజెలో న్‌క్యూబె, ఆస్ట్రేలియాకు చెందిన డేవిడ్ డెన్‌బరో కలిసి "ట్రీ ఆఫ్ లైఫ్" పద్ధతి తయారుచేశారు. పిల్లలు చెట్టు బొమ్మ వేస్తారు. వేళ్లంటే ఎక్కడి నుంచి వచ్చారో, కాండం అంటే తమకేం చేతనవునో, ఆకులంటే తమకు ముఖ్యమైన మనుషులు. తుపాను సంగతి ఆ తర్వాతే. నిలబడటానికి చోటు దొరికాకే కష్టం గురించి మాట్లాడతారు.

అయినా ఒక ప్రశ్న వదలను. ఐదో వారం ఒకామె కథ మధ్యలో "నాకూ పోవాలనుంది" అంటుంది. అప్పుడేం చేస్తారు? ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబర్ 14416 కాగితం మీద రాసిస్తే సరిపోదు. ఆ రోజే ఆమెతో ఎవరు ఉంటారు, ఏ డాక్టర్ దగ్గరికి ఎవరు తీసుకెళ్తారు అన్నది మొదటి వారానికి ముందే తేలాలి. తేలకపోతే మొదలుపెట్టకండి.

చిన్నకూతురు:
అమ్మను ఇప్పుడే అడిగాను. సీతమ్మలాంటి కథైతే కూర్చుంటానంది. "రికార్డరు పెడితే మళ్లీ ఆర్డీవో ముందు కూర్చున్నట్టే" అని కూడా అంది.

గట్టుమీద గువ్వ:
తాటిముంజె గారి ప్రశ్నకు సిగ్గుపడ్డాను. ప్రాజెక్టు రాశాకే వాళ్లను కలిశాను, అది నిజం. ఈ ఆదివారం వెళ్లి కూర్చున్నాను. రికార్డరు బ్యాగులోంచి తీయలేదు.

వాళ్లు చెప్పినవి నేను అనుకున్నవి కావు. పత్తి ఏరే రోజుల్లో మధ్యాహ్నం కుదరదు, సంక్రాంతి దాటాక రమ్మన్నారు. అంతకన్నా పెద్దది, భర్త పోయినవాళ్లను మాత్రమే కూర్చోబెట్టొద్దన్నారు. "ముండమోపుల మీటింగ్ అని ఊరంతా పేరు పెడతారు" అంది ఒకామె. పొదుపు సంఘంలో అందరితో కలిసి కూర్చుంటాం, కథ ఎవరిదో తెలియకుండా చెప్పుకుంటాం, నీకు కావలసింది నువ్వు ఏరుకో అన్నారు. మీటింగ్ ఉన్నన్నాళ్లూ ఆ ఊరి ఆశా కార్యకర్త కూడా కూర్చుంటానంది. ఎవరికైనా అవసరమైతే పీహెచ్‌సీకి తనే వెంట వెళ్తుందట.

క్లినిక్ వెనక:
అలాగైతే మీ శాంపిల్ పోయినట్టే. ఎవరు ఎవరో తెలియనప్పుడు ఎవరికి మేలు జరిగిందని రాస్తారు?

గట్టుమీద గువ్వ:
రేపు గైడ్ గారిని అడగబోయేది అదే. ఆయన ఒప్పుకోకపోతే థీసిస్ అంశం మారుస్తాను, మీటింగ్ మాత్రం మారదు. సంక్రాంతి తర్వాత వస్తానని మాటిచ్చేశాను.