బోనింగ్ జాకెట్టు గుచ్చుకుంటోంది, పైకి జరుగుతోంది. ఎక్కడ సరిచేయాలి?

దారపుండ:
నమస్తే అందరికీ. కాలేజీ నాటకం కోసం 1880ల నాటి ఇంగ్లీషు దొరసాని జాకెట్టు కుట్టాను. మెడ దాకా మూత, పొడుగు చేతులు, ముందు హుక్కులు, నడుము కింద ముందు భాగం కోసుగా దిగుతుంది. పైన కాటన్ శాటిన్, లోపల పాప్లిన్. కింద కార్సెట్ (నడుము బిగించే లోదుస్తు) లేదు. వేసుకునే అమ్మాయి కొలతలు ఛాతీ 34, నడుము 27, సీటు 36. జాకెట్టు నడుము సరిగ్గా 27 వచ్చింది. మొత్తం 10 బోన్లు (గుడ్డ నిలబడేందుకు కుట్ల లోపల పెట్టే సన్నటి గట్టి పట్టీలు): ముందు అంచులకు రెండు, డాట్లకు (ఒంటి ఆకారం కోసం వేసే మడత కుట్లు) నాలుగు, పక్క కుట్లకు రెండు, వెనక పక్క కుట్లకు రెండు. అన్నీ 8 మి.మీ. రిజిలిన్ (ప్లాస్టిక్ పుల్లలతో నేసిన పట్టీ).

ఇబ్బందులు: పావుగంట వేసుకుంటే ఛాతీ కిందా చంకలోనూ గుచ్చుకుంటోంది. వెనక నడుము పైన రెండు అడ్డ మడతలు పడుతున్నాయి, కిందికి లాగితే పోయి మళ్ళీ వస్తున్నాయి. చెయ్యి ఎత్తితే జాకెట్టు మొత్తం ఒకటిన్నర అంగుళం పైకి లేస్తోంది. కూర్చుంటే ముందు కోసు ఎగదన్నుతోంది, మూడో హుక్కుకూ నాలుగో హుక్కుకూ మధ్య నోరు తెరుచుకుంటోంది. కుట్ల దగ్గర ముప్పావు అంగుళం మార్జిన్ ఉంది. ప్రదర్శనకు పది రోజులుంది. బోన్లు తీసేసి గట్టి కాన్వాస్ వేస్తే సరిపోతుందా?

తెరవెనక:
కాన్వాస్ వద్దండీ. నడుము దగ్గర ఒకసారి మడత పడితే ఆ మడత మళ్ళీ పోదు. బోన్ల మీద కోపం తెచ్చుకోకండి. బోను ఒంటిని బిగించదు, గుడ్డ కిందికి కుంగిపోకుండా నిలబెడుతుంది, అంతే. బిగించేది గుడ్డ. మీ జాకెట్టులో గుడ్డ తప్పు చోట బిగుస్తోందని నా అనుమానం.

ఏదీ విప్పకముందు ఒక పని చేయండి. అమ్మాయికి అరగంట వేసి ఉంచి, విప్పగానే ఒంటి మీద గుర్తులు చూడమనండి. బోను పొడవునా సన్నటి చార పడితే అక్కడ జాకెట్టు బిగుతు. చార లేకుండా చిన్న ఎర్ర చుక్క ఒక్కటే ఉంటే బోను కొస గుచ్చుతోంది. నడుము చుట్టూ గీత, దాని పైన ఏమీ లేకపోతే నడుము చుట్టుకొలత చాలడం లేదు. పది నిమిషాల్లో మాసిపోతాయి కాబట్టి వెంటనే రాసిపెట్టుకోండి.

వెనక మడతలకు రెండో పరీక్ష. పక్క కుట్లూ, వెనక పక్క కుట్లూ, మొత్తం నాలుగూ, కింది అంచు నుంచి నడుము గీత దాకా మాత్రమే విప్పండి. ఆ భాగంలో బోను ఉంటే ముందు దాన్ని తీయండి. మళ్ళీ వేయండి. మడతలు పోతే సీటు దగ్గర చాలక, జాకెట్టు సన్నగా ఉన్న చోటికి ఎగబాకుతోందన్నమాట. పోకపోతే వెనక భాగం పొడవు ఎక్కువైంది. అప్పుడు మడతను గుండుసూదులతో పట్టి ఎంత వచ్చిందో కొలవండి.

లోపల కుట్టు మార్జిన్లకు నడుము దగ్గర కత్తెర గాట్లు పెట్టారా?

దారపుండ:
గాట్లు పెట్టలేదండీ. గుర్తులు చూశాం: రెండు చంకల కిందా, డాట్ల పైకొసల దగ్గరా ఎర్ర చుక్కలు. నడుము చుట్టూ గీత. నాలుగు కుట్లూ విప్పితే ఒక మడత పూర్తిగా పోయింది, రెండోది సగం తగ్గింది. విప్పిన చోట కింది అంచు దగ్గర ఒక్కోటి అరంగుళం తెరుచుకుంది.

తెరవెనక:
అయితే దారి దొరికింది. నాలుగు చోట్ల అరంగుళం అంటే సీటు దగ్గర రెండు అంగుళాలు తక్కువ. ప్రతి కుట్టులోనూ అటూ ఇటూ పావు అంగుళం చొప్పున వదలండి. నడుము గీత దగ్గర మొదలుపెట్టి కింది అంచుకు వచ్చేసరికి పావు అంగుళం అయ్యేలా ఏటవాలుగా కుట్టండి. మీ మార్జిన్‌లో ఇంకా అరంగుళం మిగులుతుంది.

మిగిలిన సగం మడత గాట్లు లేకనే. నడుము దగ్గర కుట్టు లోపలికి వంగుతుంది, మార్జిన్ అంచు మాత్రం ఆ వంపుకు సరిపడా సాగదు, కుట్టును పట్టి లాగేస్తుంది. ప్రతి కుట్టుకూ నడుము గీత మీద ఒకటి, దానికి ఒకటిన్నర అంగుళం పైన ఒకటి, కింద ఒకటి గాటు పెట్టండి. కుట్టుకు 3 మి.మీ. దూరంలో ఆపాలి. గాటు అంచులను చేత్తో చుట్టు కుట్టు వేయండి, లేకపోతే శాటిన్ పీలికలైపోతుంది. తర్వాత మార్జిన్లు విడదీసి ఇస్త్రీ చేయండి.

ఇక నడుము. నిలబడితే 27 ఉన్న నడుము కూర్చుంటే పెరుగుతుంది. అమ్మాయిని స్టూలు మీద కూర్చోబెట్టి ఊపిరి నిండా పీల్చమని కొలవండి. 28 దగ్గరికి వస్తే ఆశ్చర్యం లేదు. జాకెట్టు నడుమును 27¾ చేయండి. కానీ ఒట్టి వదులు చేస్తే జాకెట్టు పైకి జరుగుతుంది. అందుకే లోపల నడుము పట్టీ కావాలి. 1880ల జాకెట్లలో ఇది మామూలే: ముందు పట్టీ హుక్కు, ఆ తర్వాతే పైహుక్కులు. అంగుళం వెడల్పు గ్రోస్‌గ్రెయిన్ పట్టీ (అడ్డ గీతలతో నేసిన గట్టి రిబ్బన్) తీసుకుని నడుము గీత మీద వెనక నడిమి కుట్టుకూ, వెనక పక్క కుట్లకూ, పక్క కుట్లకూ మార్జిన్ల మీద మాత్రమే చేత్తో కుట్టండి. ముందు రెండు కొసలూ వదులుగా వేలాడాలి. ఒక వైపు హుక్కు, రెండో వైపు రెండు కాజాలు, 27 దగ్గర ఒకటి, 27½ దగ్గర ఒకటి. డైలాగుల మధ్య పరుగెత్తే సీను ఉంటే రెండోది వాడతారు. బిగుతు ఇప్పుడు పట్టీ మీద పడుతుంది, హుక్కుల మీద కాదు. నోరు తెరుచుకోవడం సగం అక్కడే తగ్గుతుంది.

ఇనపసూది:
పైవారు చెప్పినదంతా సరే. బోన్ల సంగతి నేను చెబుతాను, మీ ఎర్ర చుక్కలకు జవాబు అక్కడుంది. రిజిలిన్ కోసిన చోట చూడండి, బ్రష్షు పళ్ళలా సన్నటి పుల్లలు బయటికొస్తాయి. రెండు పొరల గుడ్డను కూడా అవే పొడుచుకుని వస్తాయి. కొసను ముందు గుండ్రంగా కత్తిరించి, కొవ్వొత్తి మంటకు పక్కగా ఒక్క క్షణం చూపించండి. కరిగి ముద్దవుతుంది. చల్లారాక గోళ్ళ ఆకురాయితో రుద్దండి. చెంప మీద రాసుకుంటే గీరకూడదు.

పొడవులు మార్చండి. పక్క బోను పైకొస చంక కుట్టుకు కనీసం అంగుళం కింద ఆగాలి. డాటు బోను ఛాతీ మొనకు అంగుళం కింద ఆగాలి. కింద, కూర్చోబెట్టి నడుము నుంచి తొడ మడత దాకా కొలిచి, ముందు బోను దానికన్నా ముప్పావు అంగుళం తక్కువ ఉంచండి. కోసు ఎగదన్నేది తొడ బోనును పైకి తోయడం వల్లే. కోసు చివర గుడ్డ మాత్రమే ఉన్నా నిలబడుతుంది, లోపల చిన్న కాన్వాస్ ముక్క చాలు. బోను గొట్టానికి (బోను దూర్చే గుడ్డ పట్టీ) రెండు కొసల్లోనూ పావు అంగుళం ఖాళీ వదలండి.

నా మాట అడిగితే, నడుము వంపులో రిజిలిన్ వద్దు. ఒంటి వేడికి మెత్తబడి, వంగిన చోటే వంగి ఉండిపోతుంది. పక్క కుట్లకు స్పైరల్ స్టీల్ వేయండి, అది నాలుగు వైపులా వంగుతుంది. ముందు అంచులకు చదును స్టీలు, హుక్కుల వరస వంకర పోదు. స్టీలు కొసలకు టోపీలు దొరక్కపోతే ప్లంబర్లు వాడే తెల్ల టెఫ్లాన్ టేపు ఏడెనిమిది చుట్లు బిగించి చుట్టండి.

తెరవెనక:
పది రోజుల్లో స్టీలు తెప్పించుకోవడం కష్టం కావచ్చు. ఎలక్ట్రికల్ షాపులో 9 మి.మీ. వెడల్పు కేబుల్ టైలు అడగండి, నాలుగైదు ప్రదర్శనలకు బాగా ఆగుతాయి. తల కోసేసి, కొసలు గుండ్రంగా చేసి, ఆకురాయి పట్టించండి. టై సహజంగా ఏ వైపు వంగుతోందో చూసి ఒంటి వంపుకు అనుగుణంగా దూర్చండి. తిరగేస్తే అదే గుచ్చుతుంది.

ఇనపసూది:
కేబుల్ టై మంచి మాటే, ఒప్పుకుంటాను. అయితే గొట్టం 11 మి.మీ. ఉండాలి, మీ పాత గొట్టాలు చాలవు. కొత్త గొట్టం కుట్టేటప్పుడు ఒక కిటుకు: నడుముకు పైన రెండంగుళాలు, కింద రెండంగుళాల మేర గొట్టం పట్టీని పావు అంగుళం ఎక్కువ తీసుకుని, ఆ వదులు సర్దుతూ మార్జిన్‌కు కుట్టండి. తర్వాత బోనును గట్టిగా దూర్చి, ఆ పావు అంగుళం ఖాళీ దగ్గర కొసలు కుట్టేయండి. బోను కుట్టును పైకీ కిందికీ సాగదీసి పట్టుకుంటుంది, నడుము దగ్గర గుడ్డ డోలు చర్మంలా నున్నగా నిలుస్తుంది. తిమింగలం నోట్లోని బలీన్ పలకలు చీల్చి వాడిన రోజుల్లో దర్జీలు చేసిన పని ఇదే. ఆ జాకెట్లు అంత నున్నగా కనబడటానికి కారణం బిగుతు కాదు, ఈ పావు అంగుళం వదులే.

చంకపీస్:
చెయ్యి ఎత్తితే లేవడం గురించి ఎవరూ చెప్పలేదు. చంక లోతు ఎక్కువైంది. చాలామంది చెయ్యి ఆడటం లేదని చంకను ఇంకా కిందికి కోస్తారు, అది తలకిందుల వైద్యం. చంక ఎంత కిందికి ఉంటే చెయ్యి అంత జాకెట్టును లేపుతుంది. చెయ్యి దించి ఉన్నప్పుడు ఒంటి చంకకూ కుట్టుకూ మధ్య రెండు వేళ్ళు అడ్డంగా పడితే దిగిపోయినట్టే.

కోసేసిన గుడ్డ తిరిగి రాదు కాబట్టి అతుకు ముక్క వేయండి. చంక కింద పక్క కుట్టూ చేతి కుట్టూ కలిసే చోట అటూ ఇటూ రెండున్నర అంగుళాలు విప్పి, ఒక్కో భుజం రెండున్నర అంగుళాలు ఉన్న డైమండ్ ముక్కను క్రాసులో (గుడ్డ నేతకు ఏటవాలుగా) కోసి కుట్టండి. నాలుగు మూలల వెనకా ఒకటిన్నర అంగుళం పల్చటి గుడ్డ ముక్క పెట్టి, మూల దగ్గర కుట్టు 1.5 మి.మీ.కి తగ్గించండి. లేకపోతే మొదటి రోజే మూల చిరుగుతుంది. అదే రంగు సాగే గుడ్డ దొరికితే ఇంకా మంచిది, చెయ్యి దించితే ఎవరికీ కనబడదు. పక్క బోను ఈ ముక్క కింది మూలకు అంగుళం కింద ఆగాలి. అంటే ఇనపసూది గారు చెప్పిన కొలత చంక కుట్టు నుంచి కాదు, ఈ మూల నుంచి లెక్క వేసుకోండి.

దారపుండ:
అందరికీ చాలా థాంక్సండీ. హుక్కుల మధ్య నోరు పట్టీ వేశాక కూడా మిగిలితే? చెమట సంగతి కూడా చెప్పండి, రెండు గంటల నాటకం.

తెరవెనక:
హుక్కులు అంగుళానికి ఒకటి ఉండాలి. ఒకటి హుక్కు, తర్వాతది కాజా, ఇలా రెండు అంచుల మీదా మార్చి మార్చి కుట్టండి. అప్పుడు వంగినప్పుడు వాటంతటవి ఊడవు. హుక్కుల వరస వెనక ఒకటిన్నర అంగుళం పట్టీ, అదే శాటిన్‌తో. మూడు, నాలుగు హుక్కుల దగ్గర మాత్రం ఛాతీ వెడల్పు కూడా చూసుకోండి. అక్కడ చార గుర్తు పడితే డాట్లలో పావు అంగుళం వదలాలి.

చెమటకు లోపల పల్చటి కాటన్ బనియన్, చంకల్లో విడిగా తీసి ఉతికే ప్యాడ్లు. కొలతలన్నీ ఆ బనియన్ మీదే తీయండి. జాకెట్టును ఉతక్కండి. నాటకాల దుస్తులు చూసేవాళ్ళు వోడ్కాలో సగం నీళ్ళు కలిపి లోపలి వైపు చల్లి గాలికి ఆరేస్తారు, వాసన పోతుంది. ముందు మార్జిన్ మీద చల్లి రంగు దిగుతుందేమో చూడండి.

వరస ఇలా పెట్టుకోండి: ముందు సీటు కుట్లు, గాట్లు, తర్వాత నడుము పట్టీ, ఆ తర్వాత చంక ముక్క, బోన్లు అన్నిటికన్నా చివర. ఒక్కోటీ కచ్చా కుట్టు వేసి అమ్మాయిని కూర్చోబెట్టి చూశాకే మిషను మీద పెట్టండి.