రేడియేషన్ తర్వాత పాప బాగా నెమ్మదైపోయింది, స్కూల్లో అదనపు టైమ్ ఎలా ఇప్పించాలి?

మా పాపకి పదేళ్లు, అయిదో తరగతి. ఏడేళ్లప్పుడు మెడుల్లోబ్లాస్టోమా (మెదడులో వచ్చే క్యాన్సర్ గడ్డ) ఆపరేషన్ అయ్యాక తలకీ వెన్నుకీ 23.4 గ్రే (రేడియేషన్ మోతాదు కొలత), గడ్డ ఉన్నచోట మొత్తం 54 గ్రే దాకా, 30 సిట్టింగుల్లో రేడియేషన్ ఇచ్చారు, తర్వాత కీమో. స్కాన్లు క్లీన్‌గానే ఉన్నాయి. మొదటి ఏడాది చదువులో తేడా కనిపించలేదు, ఏడాదిన్నర దాటాకే మొదలైంది. బోర్డు మీద ఎనిమిది లైన్లుంటే, తేదీ వేసి రెండు లైన్లు రాసేసరికి తుడిచేస్తారు. ఏడెనిమిదులెంత అంటే చెబుతుంది, కానీ అర నిమిషం పడుతుంది, ఈలోపు పక్కపిల్లలు అందించేస్తారు (దాంతో రాదనుకుంటున్నారు).

థైరాయిడ్ నార్మల్, కళ్లు బాగున్నాయి. సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు వల్ల వినికిడి తగ్గొచ్చన్నారని ఆడియోమెట్రీ చేయించాం, మాటలు బాగానే వినిపిస్తున్నాయి. ఆరు నెలలు ట్యూషన్ పెట్టించాం, పిల్ల అలసిపోవడం తప్ప లాభం లేదు. ఐక్యూ పరీక్షలో మాటలకు సంబంధించిన స్కోరు 98, ప్రాసెసింగ్ స్పీడ్ (చూసింది గ్రహించి పని చేసే వేగం) మాత్రం 72. ఆ రిపోర్టు చూపిస్తే స్కూలువాళ్లు సదరం (వైకల్య) సర్టిఫికెట్ తెమ్మంటున్నారు, దాన్ని ఏ కేటగిరీ కింద అడగాలో మాకు అర్థం కావట్లేదు.

ఇలాంటి పిల్లలకు పరీక్షల్లో అదనపు టైమ్ ఇప్పించుకున్నవాళ్లుంటే చెప్పండి, మీ స్కూలు ఏ డాక్టర్ ఇచ్చిన ఏ కాగితాన్ని ఒప్పుకుంది?