అప్‌డేట్: డిసెంబర్ మొదట్లో ట్బిలిసీ

డిసెంబర్ మొదట్లో జార్జియా దేశ రాజధాని ట్బిలిసీలో తిరగగలమా, మంచు ఉంటుందా అని అడిగాను కదా. హాయిగా తిరగొచ్చు. పగలు 8, 9 డిగ్రీలు, రాత్రి సున్నాకు దగ్గర. ఊళ్లో మంచు పడటం తక్కువే. కొండల్లోని కజ్బెగీ ఊరికి వెళ్లే దారిలో మాత్రం జ్వారీ కనుమ దగ్గర మంచు పేరుకుంటే రోడ్డు మూసేస్తారు, కాబట్టి ఆ ట్రిప్పును తిరుగు ప్రయాణానికి ముందురోజు పెట్టుకోకండి. సాయంత్రం 5:30కే చీకటి. పాత రాజధాని మ్త్‌స్‌ఖేతాకు దిదూబే మెట్రో దగ్గర మార్ష్రూత్కా వ్యాన్లుంటాయి, పొద్దున్నే బయల్దేరండి.

ట్బిలిసీలోని స్నానశాలల పేట అబనోతుబానీలో గంధకపు వేడినీళ్ల స్నానం చలికాలంలోనే అసలు సుఖం. మెట్టెలు, పట్టీలు ముందే తీసేయండి, ఆ నీళ్లకు వెండి నల్లబడుతుంది. తల పూర్తిగా ఆరాకే బయటికి రండి.