ఎఫ్.2ఏ అడుగున ఆ మెట్లు తీసేయొచ్చా?

తిరుపతి బాల్సా:
అన్నలూ, మొదటి ప్రపంచ యుద్ధం నాటి ఫెలిక్స్‌స్టో ఎఫ్.2ఏ ఫ్లయింగ్ బోట్ (పడవలాంటి ఒడలుతో నీళ్ల మీదే దిగి లేచే విమానం) మోడల్ చేస్తున్నా. రెండు అంతస్తుల రెక్కలూ అయిపోయాయి, అడుగు దగ్గర ఆగాను. డ్రాయింగులో అడ్డంగా రెండు మెట్లున్నాయి, అంటే అడుగు ఒక్కసారిగా కొంచెం పైకి తెగే చోట్లు. మా రూమ్మేట్ "అవెందుకు, నున్నగా లాగించెయ్, ఇంకా బాగా జారుతుంది" అంటున్నాడు. నిజమేనా? రాయలచెరువులో వదలాలని ప్లాన్.

చిత్తూరు ఫిట్టర్:
వద్దు నాయనా. ఎయిర్‌ఫోర్స్‌లో ఫిట్టర్‌గా చేసి రిటైరైనవాణ్ణి, నా మాట విను. అడుగు నున్నగా తోక దాకా పోతే, వేగం పెరిగేకొద్దీ నీళ్లు దాన్ని కిందికి పీల్చి పట్టుకుంటాయి. మెట్టు దగ్గర ఆ పట్టు తెగుతుంది, వెనక గాలి దూరుతుంది. బోటు ముందు భాగం మీదే తేలి పరుగెత్తుతుంది, ముక్కెత్తడానికి వీలవుతుంది.

అసలా విమానం కథంతా అడుగుదే. 1914లో గ్లెన్ కర్టిస్ అట్లాంటిక్ దాటడానికి 'అమెరికా' అనే బోటు కట్టాడు. నడపాల్సింది జాన్ పోర్ట్. బ్రిటిష్ నేవీలో జలాంతర్గాముల్లో పనిచేసి, క్షయ వల్ల ఉద్యోగం వదిలినవాడు. ఆగస్టులో యుద్ధం రాగానే తిరిగి నేవీలో చేరాడు, నేవీ ఆ బోట్లు కొనింది. ఎగరడం బాగానే ఎగిరాయి గానీ ఉత్తర సముద్రం అలలకి అడుగులు తట్టుకోలేదు. ఫెలిక్స్‌స్టోలో పోర్ట్ హల్ (పడవలాంటి ఒడలు) మీద హల్ మార్చి చూశాడు. చివరికి కర్టిస్‌దే ఇంకో బోటు హెచ్-12 రెక్కల కింద తన రెండు మెట్ల హల్ పెట్టాడు. అదే ఎఫ్.2. 345 గుర్రాల రోల్స్ రాయిస్ ఈగిల్ ఇంజన్లు రెండు బిగిస్తే నీ ఎఫ్.2ఏ. హల్ లోపల చెక్క చట్రం, అడ్డబద్దలు. పడవలు కట్టి ఎరగని వడ్రంగులూ చేయగలిగారు. ఫిట్టర్‌గా నేను దండం పెట్టేది దానికే. ఆ మనిషి జబ్బుతోనే ఇదంతా చేసి 1919లో పోయాడు.

పుత్తూరు మాస్టారు:
బూడిద రంగొకటే వేయకు బాబూ. 1918 జూన్ 4న జర్మన్ సీప్లేన్లతో పెద్ద పోరు జరిగాక, దూరం నుంచి గుర్తుపట్టేలా ఒక్కో బోటుకి ఒక్కో రకం గళ్లూ చారలూ వేశారు. కళ్లు చెదిరిపోతాయి.

తిరుపతి బాల్సా:
సూపర్ సార్! ఫిట్టరన్నా, మొదటి మెట్టు ఎక్కడ రావాలి?

చిత్తూరు ఫిట్టర్:
బరువు తూగే చోటుకి కొంచెం వెనక. అంచు పదునుగా ఉంచు, ఉప్పు కాగితంతో గుండ్రంగా రుద్దితే మెట్టు పెట్టీ దండగ. ఇంకోటి, తిరుమల కొండ వైపు మాత్రం ఎగరేయకు, అక్కడ డ్రోన్లకే పర్మిషన్ లేదు.