అప్‌డేట్: నాయిన ఎకో రిపోర్ట్‌ల గుండె గోడ మందం గురించి

మొన్న అడిగిన కదా, మిర్యాలగూడల ఉండే మా నాయిన ఎకోల (గుండె స్కానింగ్‌ల) 'కాన్సెంట్రిక్ ఎల్‌వీహెచ్' (గుండె ఎడమ కింది గది గోడ చుట్టూ మందమైనట్టు) అని రాసిండ్రు, ఈఎఫ్ (ఒక్కోసారి కొట్టుకున్నప్పుడు ఆ గదిల రక్తం ఎంత శాతం బయటికి పోతదో చెప్పే లెక్క) 60 ఉంది, మరి మెట్లెక్కితే ఆయాసం ఎందుకని. జవాబిచ్చినోళ్లందరికీ చాలా థ్యాంక్స్. నల్గొండల గుండె డాక్టర్‌ని కలిసినం, స్క్రీన్ మీద చూపెట్టుకుంట ఓపికగ చెప్పిండు.

బీపీ ఏండ్ల తరబడి ఎక్కువుంటే ఎడమ జఠరిక (గుండెల ఎడమ కింది గది) ఆ ఒత్తిడికి ఎదురు రక్తం తోయాలె, అందుకని బస్తాలు మోసే హమాలీ భుజం లెక్క దాని కండరం మందమైతది, కానీ లోపలి గది చిన్నగైతది, గోడ బిర్రుగైతది. పిండుడు మంచిగనే ఉంటది కాబట్టి ఈఎఫ్ నార్మలే వస్తది, సడలి నిండుడే కష్టం, ఆ ఒత్తిడి ఎడమ కర్ణిక (పై గది) మీదికి, అక్కడ్నుంచి ఊపిరితిత్తుల మీదికి పోతది, ఆయాసం అందుకేనట. నాయినకు గోడ 14 మిల్లీమీటర్లుంది, మగవాళ్లకు 10 దాకా నార్మల్. ఇట్లనే వదిలేస్తే కొందరికి గది సాగి పంపింగ్ కూడా పడిపోతది, కర్ణిక పెద్దదైతే గుండె లయ తప్పి పక్షవాతం రిస్క్ పెరుగుతది.

నాకు అన్నిటికంటే ధైర్యమిచ్చిన మాట, బీపీ కంట్రోల్‌ల ఉంటే ఈ మందం కొంత తగ్గుతదని. టెల్మిసార్టన్ అనే బీపీ గోలి రాసిండు, కొన్ని రోజులకు రక్త పరీక్షల పొటాషియం, క్రియాటినిన్ (కిడ్నీల పనితనం చెప్పేది) చూపించమన్నడు. ఉప్పు మొత్తం రోజుకు 5 గ్రాముల లోపే. నాయినకు మామిడికాయ తొక్కు లేంది ముద్ద దిగదు, దాని మీద ఇంట్ల రోజూ లొల్లే, అమ్మ సీసా అటక మీద పెట్టింది. బీపీ పొద్దుగాల, మాపటికి చూసి నోట్‌బుక్‌ల రాస్తున్నం. ఆర్నెల్లకు మళ్లీ ఎకో ఉంది, గోడ ఎంతొచ్చిందో ఇక్కడే పెడత.