పరాగ సంపర్కానికీ ఫలదీకరణకూ తేడా ఎలా చూపిస్తున్నారు?

బడిపంతులు:
పదో తరగతికి ప్రత్యుత్పత్తి పాఠం చెబుతున్నాను. మందార పువ్వు కోయించి కేసరాలు, కీలాగ్రం, అండాశయం అన్నీ చూపించాను. బొమ్మ చక్కగా గీస్తున్నారు. అయినా పరీక్షలో సగం మంది పరాగ సంపర్కమే, అంటే పుప్పొడి కీలాగ్రం మీద పడటమే, ఫలదీకరణ అని రాశారు. మనసుకు కష్టంగా ఉంది. మీరెలా చెబుతున్నారు?

గుమ్మడిపాదు:
మాస్టారూ, మన పెరట్లో మందార కాయ కాయడం ఎంతమంది పిల్లలు చూసి ఉంటారు? నేను గుమ్మడితో మొదలుపెడతాను. మగపువ్వుకు సన్నని కాడే ఉంటుంది, ఆడపువ్వు కింద గోళీ అంత పిందె ఉంటుంది. "పిందె ముందే ఉంది కదా టీచర్, ఇంక పుప్పొడి ఎందుకు?" అని ఒక అమ్మాయి అడిగింది. ఎంత మంచి ప్రశ్న! జవాబు చెప్పకుండా, మర్నాడు విచ్చుకునే రెండు ఆడమొగ్గలకు సాయంత్రమే కాగితపు సంచులు కట్టించాను. పొద్దున్నే ఒకదానికి మగపువ్వు తెచ్చి రుద్ది, మళ్లీ సంచి కట్టాం. వారం తిరిగేసరికి రుద్దనిది పసుపుబారి రాలిపోయింది. రెండోది పిడికెడయింది. గుమ్మడి పువ్వు తెల్లవారుజామున విచ్చుకుని ఎండెక్కితే ముడుచుకుంటుంది, బడి గంట దాకా ఆగితే కుదరదు.

గాజుపలక:
పుప్పొడి అవసరమని దానితో తెలుస్తుంది. మాస్టారు అడిగింది ఆ తర్వాతి మెట్టు. 100 మిల్లీలీటర్ల నీటిలో 10 గ్రాముల చక్కెర కలపండి. గాజుపలక మీద ఒక చుక్క వేసి, అందులో బిళ్ళగన్నేరు పుప్పొడి రాల్చండి. 15 నుంచి 30 నిమిషాల్లో సూక్ష్మదర్శినిలో పరాగనాళాలు కనిపిస్తాయి. గింజ మొలకెత్తినట్టే రేణువు నుంచి సన్నని గొట్టం బయటికి వస్తుంది. కీలాగ్రం కింద ఉండే కీలం గుండా, అండాశయంలోని అండం దాకా దిగేది ఆ నాళమే. దాని వెంట వెళ్లిన పురుషబీజం స్త్రీబీజకణంతో కలిస్తేనే ఫలదీకరణ. బిళ్ళగన్నేరు మొక్క విషపూరితం, చేతులు తప్పక కడిగించండి.

జొన్నచేను:
సూక్ష్మదర్శిని లేని బడిలో నేను మొక్కజొన్న కంకి ఒలిపిస్తాను. ఒక్కో పీచుపోగు ఒక్కో గింజది. పోగు కొస మీద పుప్పొడి పడ్డాక నాళం దాని పొడవునా ప్రయాణించాలి. అక్కడక్కడా గింజ కట్టని కంకి దొరికితే దాచుకోండి, ఆ ఖాళీల మీద వేలు పెట్టి అడిగితే, అక్కడ ఫలదీకరణ జరగలేదని పిల్లలే చెబుతారు.

బడిపంతులు:
అందరికీ ధన్యవాదాలండీ. మా తరగతిలో నలుగురి ఇళ్ల దగ్గర గుమ్మడిపాదులున్నాయట. రేపు సాయంత్రం సంచులు కడుతున్నాం.