లేపాక్షి స్తంభాల డిజైన్లు బ్లౌజ్ మీద ఎలా కుట్టాలి?

ప్రశ్న:
లేపాక్షి వెళ్లొచ్చినప్పటి నుంచి ఆ లతామండపమే కళ్ల ముందు ఆడుతోంది. ఒక్కో స్తంభం మీద ఒక్కో తీరు తీగలు, పూలు, గళ్లు, అచ్చం చీర అంచుల్లా ఉన్నాయి. వాటిని కాటన్ బ్లౌజ్ చేతుల మీద కుట్టాలని ఉంది, మగ్గం వర్క్ కాదు, మామూలు సూదీ దారంతోనే. కానీ ఫోటో పెట్టి ట్రేస్ చేస్తే గీతలు మరీ దట్టంగా వచ్చి గుడ్డ మీద ముద్దలా కనిపిస్తోంది. ఏం చేస్తే బాగుంటుంది?

సూదీదారం:
ట్రేసింగ్ పేపర్ పక్కన పెట్టేసి ఒకసారి కసూతి చూడండి అక్కా. ఉత్తర కర్ణాటకలో, ధార్వాడ వైపు, ఇల్కల్ చీరల మీద కుట్టేది. గోపురం, తేరు, తులసికోట, అంబారీ ఏనుగు అన్నీ ఉంటాయి అందులో, కానీ పెన్సిల్ గీత ఒక్కటీ ఉండదు, పోగులు లెక్కపెట్టుకుంటూ పోవడమే. గవంతి కుట్టులో వెళ్లేటప్పుడు ఒక కుట్టు వేసి ఒకటి వదులుతారు, తిరిగి వచ్చేటప్పుడు ఆ ఖాళీలు నింపుతారు, ముడి వేయరు కాబట్టి రెండు వైపులా ఒకేలా ఉంటుంది. కసూతిలోనే ముర్గి అనే ఇంకో కుట్టు కూడా అంతే, కాకపోతే మెట్లు మెట్లుగా నడుస్తుంది. అందుకే గోపురం దానికి అంత బాగా కుదిరింది. గోపురం మీద బొమ్మలేవీ కుట్టరు, అంతస్తులు, కలశం ఉంటే చాలు, చూడగానే గోపురమే అని తెలిసిపోతుంది. మీరూ స్తంభం మొత్తం కాకుండా ఒక్క గడి తీసుకుని గ్రాఫ్ పేపర్ మీద వేసుకోండి.

పోగుబంతి:
గళ్లకైతే పై సలహా సరిగ్గా సరిపోతుంది, తీగలకు మాత్రం నేను ఒప్పుకోను. వంపు తిరిగే లతని లెక్క కుట్టులోకి లాగితే దాని అందమంతా పోతుంది, వాటికి చైన్ స్టిచ్చో స్టెమ్ స్టిచ్చో వేయండి. ఇంకో మాట, స్తంభాలు చూసి వచ్చేశారా, పైకప్పు చూశారా? విజయనగర రాజు అచ్యుతరాయల (1529–1542) కాలం నాటి ఆ పైకప్పు చిత్రాల్లో ఆడవాళ్ల చీరలు, మగవాళ్ల కుళ్లాయిలు, వాటి మీది చారలు, పూలు చూస్తే అప్పట్లో ఎలాంటి బట్టలు కట్టేవారో తెలుస్తుంది. ఆ డిజైన్లు ముందే గుడ్డ మీదివి కాబట్టి మీ పని సగం అయిపోయినట్టే.

ఓరుగల్లు పిల్ల:
మా వరంగల్ కోటలో నాలుగు దిక్కులా ఉన్న కాకతీయ తోరణాలు కూడా చూడండి. పైన హంసలు, కింద వేలాడే తామర మొగ్గలు, కుషన్ కవర్ అంచుకి మొగ్గల వరస ఒక్కటి చాలు. రాతి చెక్కడానికి అందం నీడ వల్లే వస్తుంది, ఆ నీడ దారంలో రావాలంటే ఒకే రంగులో రెండు షేడ్లు తీసుకుని ముదురుది ఒక పక్కనే వేయండి. బంగారు జరీ జోలికి మాత్రం వెళ్లొద్దు, రాయి రాయిలా అనిపించదు.

ప్రశ్న అడిగినవారు:
పైకప్పు సరిగ్గా చూడనే లేదండీ! అయితే ఒక చేతికి గళ్లు, ఇంకో చేతికి తీగ కాకుండా, అంచుకి గళ్లు పెట్టి దాని పైన ఒకే ఒక తీగ నడిపిస్తాను. మరి పోగులు లెక్కపెట్టడానికి మంగళగిరి కాటన్ పనికొస్తుందా, ఇంకాస్త మందం గుడ్డ తీసుకోవాలా?

సూదీదారం:
మంగళగిరి పోగు చాలా సన్నం, కళ్లు లాగేస్తాయి. పోగులు విడివిడిగా కనిపించే మందపాటి చేనేత గుడ్డతో మొదలుపెట్టండి. మంగళగిరి మీదే కావాలంటే పైన పోగులు విడిగా కనిపించే కాన్వాస్ గుడ్డని టాకా (తాత్కాలికంగా వేసే వదులు కుట్లు) వేసి, దాని మీదుగా కుట్టి, అయ్యాక ఆ కాన్వాస్ పోగులు ఒక్కొక్కటే లాగేయండి.